అక్క చేసిన తప్పేంటి? గుర్రపు వాతం వెనకున్న అసలు బయాలజీ | పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్

బోధన్ నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే అడ్జస్ట్ అవ్వండి, మా ఇల్లు రోడ్డు మీదనే.

ఈరోజు టాపిక్ ప్రీఎక్లాంప్సియా. పలకాలంటే నోరు తిరగదు, నాకూ నాలుగు టేకులు పట్టింది. మన పెద్దవాళ్లు గుర్రపు వాతం అంటారు. కడుపుతో ఉన్నప్పుడు, ఎక్కువగా ఐదు నెలలు దాటాక, బీపీ 140/90 దాటిపోవడం, దానితో పాటు యూరిన్‌లో ప్రొటీన్ పోవడమో, కిడ్నీ, లివర్, మెదడు దెబ్బతినడమో. ఫిట్స్ కూడా వస్తే అది ఎక్లాంప్సియా. ఇది లేడీస్ టాపిక్ అని అబ్బాయిలు స్క్రోల్ చేసి పోకండి. మధ్యలో మీ గురించి కూడా ఉంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా అక్క వల్ల. చెప్పొచ్చా అని అడిగాను, పేరు చెప్పకుండా చెప్పమంది.

అక్కకు అప్పుడు 22 ఏళ్లు. మొదటి కాన్పు. ఎనిమిదో నెలలో మా ఇంటికొచ్చింది. మా అమ్మ బీడీలు చుడుతుంది, అక్క కూడా చాట ముందరేసుకుని కూర్చునేది. మన నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఇల్లంటే తెలుసు కదా, పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కాళ్లు మడిచే ఉంటాయి. కాళ్లకు నీరు పట్టింది. "కడుపుతోటి ఉన్నప్పుడు కాళ్లు గట్లనే వాస్తయ్ బిడ్డా, ఏం గాదు" అంది నానమ్మ. మాట తప్పేం కాదు, చాలామందికి వాస్తాయి కూడా. కానీ వారంలో చేతులు వాచాయి. ఉంగరం రాలేదు, సబ్బు పెట్టి తీశాం. తర్వాత మొహం. అప్పుడు కూడా మా ఇంట్లో ఏమన్నారో తెలుసా? "మొహంల కళ వచ్చింది."

ఒకరోజు సాయంత్రం తలనొప్పి మొదలైంది. బామ్ రాశాం. తగ్గలేదు. పక్కటెముకల కింద కుడివైపు నొప్పి అంది. ఊళ్లో ఒకాయన గ్యాస్ అని మాత్ర ఇచ్చాడు. రాత్రి "కండ్ల ముందట మెరుపులు మెరిసినట్టు అయితుందే" అని అంది. నేను ఫోన్ చూసుకుంటూ "పడుకో అక్కా, నిద్ర లేక" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత తెలిసింది, ఎక్లాంప్సియా అనే పేరు గ్రీకు మాట నుంచి వచ్చిందట, దాని అర్థం మెరుపులా తళుక్కుమనడం. ఫిట్స్ అలా అకస్మాత్తుగా వస్తాయని ఆ పేరు.

తెల్లారి ఆశక్క వేరే పని మీద మా వాడకు వచ్చింది. అక్క మొహం చూడగానే ఏఎన్ఎంకు ఫోన్ కొట్టింది. బీపీ 170/110. మొదటి ఇంజెక్షన్లు అక్కడే ఇచ్చారు, రెండు పిర్రలకూ. చాలా నొప్పి. 108లో నిజామాబాద్ తీసుకుపోయారు. ఆపరేషన్. పాప 1,600 గ్రాములు. ఇద్దరూ బతికారు. పాపకు ఇప్పుడు నాలుగేళ్లు, నా ఫోన్ పాస్‌వర్డ్ కూడా తెలుసు దానికి.

కానీ వార్డులో చూడ్డానికి వచ్చినవాళ్ల మాటలు! "ఉప్పు బాగా తిన్నదట." "గ్రహణం నాడు బయట తిరిగింది." "టెన్షన్ ఎక్కువ పెట్టుకుంటది." అందరూ పోయాక అక్క నన్నడిగింది, "నేనేం తప్పు జేసిన్రా?" నాకేం చెప్పాలో తెలియలేదు. అందుకే చదవడం మొదలుపెట్టాను. ఇక్కడి నుంచి సైన్స్.

ఈ జబ్బు మొదలయ్యేది గుండెలో కాదు, కిడ్నీలో కాదు. మాయలో. మాయ అంటే ప్లాసెంటా. దీనికి గట్టి సాక్ష్యం ఉంది. ముత్యాల గర్భం అని ఒకటి ఉంటుంది, అందులో బిడ్డ అస్సలు పెరగదు, మాయ కణాలే ద్రాక్ష గుత్తుల్లా పెరిగిపోతాయి. వాళ్లకు కూడా ప్రీఎక్లాంప్సియా రావచ్చు. బిడ్డ లేకపోయినా వస్తోందంటే, అసలు కారణం ఎక్కడుందో అర్థమైంది కదా. ఇంకోటి, మాయ బయటికి వచ్చేస్తేనే ఈ జబ్బు తగ్గడం మొదలవుతుంది.

మాయ చేయాల్సిన పని ఒకటి ఉంది. మన బోధన్ పిల్లలకు ఇది చెప్పడం చాలా ఈజీ. నిజాంసాగర్ కాలువ చూశారు కదా. పెద్ద కాలువ నుంచి తూము, తూము నుంచి పిల్లకాలువ, అక్కడ్నుంచి చెరుకు మడి. గర్భసంచి గోడలో స్పైరల్ ఆర్టరీలు అని రక్తనాళాలు ఉంటాయి. పేరుకు తగ్గట్టే మెలికలు తిరిగి, సన్నగా. మామూలు రోజుల్లో ఆ సన్న పైపులు చాలు. తొమ్మిది నెలలు ఒక బిడ్డను సాకాలంటే చాలవు. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైనే రక్తం పోవాలి.

అందుకే మొదటి నెలల్లోనే మాయ నుంచి ట్రోఫోబ్లాస్ట్ అనే కణాలు బయల్దేరి తల్లి గర్భసంచి గోడలోకి దిగుతాయి. పారలు పట్టుకుని వచ్చిన కూలీలు అనుకోండి. నాళాల చుట్టూ ఉన్న కండరాన్ని తీసేస్తాయి, గోడల్ని వెడల్పు చేస్తాయి. సన్న పైపు పోయి, మూతి వెడల్పుగా గరాటు లాంటి కాలువ తయారవుతుంది. కండరం లేదు కాబట్టి అది మళ్లీ బిగుసుకోలేదు. నీళ్లు, అంటే రక్తం, నెమ్మదిగా, నిండుగా పారుతుంది. ఈ పని దాదాపు ఐదో నెలకల్లా అయిపోతుంది.

ప్రీఎక్లాంప్సియాలో, ముఖ్యంగా తొందరగా వచ్చే రకంలో, ఈ కూలీలు సగంలో ఆగిపోతారు. గోడ పైపైన తవ్వి వదిలేస్తారు. నాళం సన్నగానే ఉండిపోతుంది. సన్న పైపులోంచి నీళ్లు ఎట్లా వస్తాయి? జెట్‌లా కొడతాయి. మట్టి కొట్టుకుపోతుంది, కానీ చివరి ఆయకట్టు ఎండుతుంది. మాయలో కూడా అంతే. రక్తం వేగంగా వచ్చి మాయను గాయం చేస్తుంది, ఆక్సిజన్ ఒకసారి అందుతుంది, ఒకసారి అందదు. బిడ్డ బరువు పెరగదు. ఇదంతా జరిగేటప్పటికి తల్లికి ఏమీ తెలియదు. మూడో నెల, నాలుగో నెల. బీపీ నార్మల్, రిపోర్టులు నార్మల్. ఎనిమిదో నెలలో మొహం వాచినప్పుడు "నిన్న ఏం తిన్నవ్" అని అడగడంలో అర్థం లేదు. కథ ఎప్పుడో మొదలైంది.

సరే, మాయలో గొడవ ఉంటే తల్లి కిడ్నీ, లివర్, మెదడు ఎందుకు దెబ్బతినాలి? చాలా ఏళ్లు ఇది ఎవరికీ తెలియలేదు. పాత డాక్టర్లు దీన్ని టాక్సీమియా అనేవాళ్లు, రక్తంలో ఏదో విషం ఉందని. ఆ విషం మాత్రం దొరకలేదు.

2003లో ఒక పెద్ద ముక్క దొరికింది. అమెరికాలో బోస్టన్‌లో పనిచేస్తున్న అనంత్ కరుమంచి అనే కిడ్నీ డాక్టర్, ఆయన టీమ్. ఆయన మెడిసిన్ చదివింది మన పక్కనే, మద్రాస్ మెడికల్ కాలేజీలో. ఈ జబ్బున్న తల్లుల మాయలో ఏ ప్రొటీన్ ఎక్కువ తయారవుతోందని వెతికితే ఒకటి బయటపడింది. దాని పేరు ఎస్‌ఫ్లిట్ వన్.

అదేం చేస్తుందంటే... మన రక్తనాళాల లోపలి పొరకు రోజూ మెయింటెనెన్స్ కావాలి. వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే రెండు ప్రొటీన్లు ఆ పని చూస్తాయి. నాళం గోడ మీద వాటికోసం రిసీవర్లు ఉంటాయి. ఎస్‌ఫ్లిట్ వన్ అంటే గోడకు అతుక్కోకుండా రక్తంలో తిరిగే డూప్లికేట్ రిసీవర్. అసలు అడ్రస్‌కు చేరకముందే దారిలో పార్సిల్ పట్టుకుపోయేవాడన్నమాట. దెబ్బతిన్న మాయ దీన్ని విపరీతంగా తల్లి రక్తంలోకి వదులుతుంది. మెయింటెనెన్స్ ఆగిపోతుంది. నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. కిడ్నీలో జల్లెడ వాచి ప్రొటీన్ కారిపోతుంది. నాళాల్లోంచి నీరు బయటికి వచ్చి చేతులు, మొహం వాస్తాయి. లివర్ వాస్తే కుడి పక్కటెముకల కింద నొప్పి, అదే మా అక్కకు "గ్యాస్". మెదడు నాళాలు లీకైతే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, తర్వాత ఫిట్స్.

ఆ టీమ్ ఇంకో పని చేసింది. ఎలుకల్లో ఈ ఒక్క ప్రొటీన్ పెంచి చూశారు. బీపీ పెరిగింది, యూరిన్‌లో ప్రొటీన్ పోయింది, కిడ్నీలో అచ్చం ఇవే మార్పులు. కడుపుతో లేని ఎలుకల్లో కూడా బీపీ పెరిగి ప్రొటీన్ పోయింది! ఇంకో సాక్ష్యం క్యాన్సర్ వార్డుల నుంచి వచ్చింది. వీఈజీఎఫ్‌ను ఆపే మందులు కొన్ని క్యాన్సర్లకు వాడతారు. ఆ పేషెంట్లలో కొందరికి, మగవాళ్లకు కూడా, బీపీ పెరగడం, ప్రొటీన్ పోవడం కనిపిస్తుంది. రెండు వేరే దారులు ఒకే చోటికి వచ్చాయి.

మరి ఆ కూలీలు సగంలో ఎందుకు ఆగుతారు? ఇప్పుడు అబ్బాయిలు ఇటు వినండి.

మాయలో జీన్స్ సగం తల్లివి, సగం తండ్రివి. అంటే తల్లి ఇమ్యూనిటీకి ఆ కణాలు సగం కొత్తవాళ్లు. గర్భసంచిలో ఎన్‌కే సెల్స్ అని కాపలా కణాలుంటాయి. అవి మాయ కణాలతో మాట్లాడుకుని "సరే, లోపలికి రండి" అనాలి. తల్లి ఎన్‌కే సెల్ జీన్స్, తండ్రి నుంచి బిడ్డకు వచ్చిన హెచ్‌ఎల్‌ఏ జీన్స్, ఈ రెండిటిలో కొన్ని కాంబినేషన్లు సరిగ్గా కుదరవు. మొదటి కాన్పులో ఇది ఎక్కువ ఎందుకంటే, తల్లి శరీరానికి ఆ పరిచయం కొత్త కాబట్టి అని ఒక వివరణ. నార్వేలో కాన్పుల రికార్డులు చూసి 1998లో ఒక లెక్క తీశారు. ఒక భార్యకు ఈ జబ్బు వచ్చిన మగవాడు వేరే ఆమెతో బిడ్డను కంటే, ఆమెకు కూడా వచ్చే ఛాన్స్ దాదాపు రెట్టింపు. 2017లో బిడ్డల డీఎన్‌ఏ చూస్తే, ఈ ఫ్లిట్ వన్ జీన్ దగ్గరే తేడా కనిపించింది. తల్లిది కాదు, బిడ్డది.

వార్డులో మాటలన్న వాళ్లు ఇది విని ఉంటే బాగుండేది అనిపించింది నాకు. అంటే ఇప్పుడు బావను తిట్టమని కాదు! జీన్స్ ఎవరూ ఏరుకుని పెట్టుకోరు.

అన్ని కేసులూ ఇలాగే ఉండవు. నెలలు నిండాక వచ్చే రకంలో మాయ మొదట్లో బాగానే ఉండొచ్చు, చివర్లో దాని శక్తి చాలదు. లేదా తల్లికి ముందు నుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్, అధిక బరువు ఉంటాయి, నాళాలు తట్టుకోలేవు. కవలలైతే మాయ పెద్దది, రిస్క్ కూడా పెద్దది. అమ్మకో అక్కకో వచ్చి ఉంటే మీ డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. నాకు చెల్లెలుంది, దాని పెళ్లయ్యాక నేనే గుర్తుచేయాలి.

ఫిట్‌గా ఉంటే రాదా? 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయిలు నాలుగు వందల మీటర్ల రిలేలో గోల్డ్ కొట్టారు. ఆ నలుగురిలో ఆలిసన్ ఫెలిక్స్‌కు 2018లో ఇదే జబ్బు వచ్చి 32 వారాలకే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. టోరీ బోవీ 2023లో ఎనిమిదో నెల గర్భంతో ఇంట్లో ఒంటరిగా చనిపోయింది. ఎక్లాంప్సియా అయి ఉండొచ్చని పోస్ట్‌మార్టంలో రాశారు. ప్రపంచంలోనే అంత వేగంగా పరిగెత్తిన కాళ్లు అవి.

మందుల సంగతి క్విక్‌గా. ఉప్పు మానేస్తే ఇది ఆగదు. రిస్క్ ఎక్కువున్న వాళ్లకు డాక్టర్లు చిన్న డోసు ఆస్పిరిన్ ఇస్తారు, మూడో నెల నిండాక, 16 వారాల లోపు మొదలుపెడతారు. 2017లో ఒక పెద్ద ట్రయల్‌లో 150 ఎంజీ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే రకం 62 శాతం తగ్గింది. సొంతంగా మెడికల్ షాపులో కొని వేసుకోవద్దు, ప్లీజ్. కాల్షియం అందరికీ. గవర్నమెంట్ ఇచ్చే మాత్రలు 14 వారాల నుంచి రోజుకు రెండు. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, గ్యాప్ ఇవ్వాలి. మా ఇంట్లో ఆ కాల్షియం స్ట్రిప్పులు డబ్బాలో అలాగే దొరికాయి, "అరగదు" అని పక్కన పెట్టారట.

అక్కకు పిర్రలకిచ్చింది మెగ్నీషియం సల్ఫేట్. బీపీ మందు కాదది, ఫిట్స్ రాకుండా. 2002లో 33 దేశాల్లో, దాదాపు పది వేల మంది తల్లులతో చేసిన ట్రయల్‌లో ఫిట్స్ ఛాన్స్ సగానికి పైగా తగ్గించింది. చాలా చవక మందు.

మన దగ్గర ఒక ప్రత్యేకమైన సమస్య ఉంది. మొదటి కాన్పుకు పుట్టింటికి పోతాం కదా. సాలూర దాటితే మహారాష్ట్ర. బిలోలీ, దెగ్లూర్ వైపు నుంచి ఇటు కోడళ్లు, ఇటు నుంచి అటు బిడ్డలు. ఏడు నెలలు ఒక చోట చెకప్, సరిగ్గా రిస్క్ పెరిగే టైమ్‌కు ఊరు మారుతుంది, రాష్ట్రం మారుతుంది. అక్కడ కొత్త నర్సుకు ముందు బీపీ ఎంతుండేదో తెలియదు. మొదట్లో 100/60 ఉన్న పిల్లకు ఇప్పుడు 136/88 ఉంటే అది నార్మల్ లాగే కనిపిస్తుంది. అందుకే ఎంసీపీ కార్డు బట్టల బ్యాగులో అడుగున పెట్టకండి. కార్డులోని ప్రతి పేజీ ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టండి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానాల్లో గర్భిణులకు డాక్టర్ చెకప్ ఫ్రీ.

తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు లేదా మెరుపులు, కుడివైపు పైన నొప్పి, చేతులు మొహం వాపు, ఆయాసం, యూరిన్ తగ్గడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారనివ్వకండి, 108. కాన్పు అయ్యాక కూడా. మాయ పోయినా ఆ ప్రొటీన్ ప్రభావం వెంటనే పోదు, కాన్పు తర్వాతి రెండు రోజుల్లో ఫిట్స్ వచ్చే కేసులు చాలా ఉంటాయి, ఆరు వారాల దాకా జాగ్రత్త. ఈ జబ్బు వచ్చిన వాళ్లకు తర్వాతి జీవితంలో గుండె జబ్బుల రిస్క్ కూడా దాదాపు రెట్టింపు. డిశ్చార్జ్ రోజు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. సంవత్సరానికోసారి బీపీ, షుగర్ చూపించుకోవాలి.

ఇదంతా అక్కకు ఒకరోజు డాబా మీద కూర్చుని చెప్పాను. నిజాంసాగర్ కాలువతో సహా. మొత్తం విని, "అంటే మూడో నెలలనే అయిపోయిందా అంతా?" అంది. అవునన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మీ బావకు కూడా చెప్పు ఇది" అంది. చెప్పాను.

అక్కకు ఇప్పుడు మళ్లీ పదమూడో వారం. అందరికీ మళ్లీ రాదు, కానీ ఆరేడు మందిలో ఒకరికి వస్తుంది, అందుకే మొదటి చెకప్‌లోనే డాక్టర్ ఆస్పిరిన్ రాశారు. రాత్రి తొమ్మిదిన్నరకు బావ ఫోన్‌లో అలారం మోగుతుంది. మాత్ర అక్కది, అలారం ఆయనది.

సరే, ఉంటా. వచ్చేవారం థైరాయిడ్ గురించి.