అరవై ఆరేళ్లకు పట్టిన పెన్సిలు

మా వైపు, అంటే మదనపల్లి, పుంగనూరు, కుప్పం వైపు, పెద్దవాళ్లు మబ్బుతోనే లేస్తారు. కాఫీ తాగేసి, పేపరు వచ్చేదాకా ఏం తోచక వాకిట్లో కూర్చుంటారు. నేనూ ఆ జాతే. ఆ అరగంటకు సరిపోయే కళ ఒకటుంది. రోజూ నాలుగు వాక్యాలు రాసుకోవడం.

మదనపల్లిలో రాత అనగానే, 1919 ఫిబ్రవరిలో టాగూరు గారు ఇక్కడి బీసెంట్ కాలేజీలో జనగణమనకు ఇంగ్లీషు రూపం రాసిన సంగతి చెబుతారు. నేను చెప్పబోయేది అంత పేరు పడని రాత గురించి.

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గారు 1895 మే నెలలో మదనపల్లిలో పుట్టారు. ఆయన ఉపన్యాసాలు మనకు తెలుసు, రిషివ్యాలీ బడి తెలుసు. 1961 జూన్‌లో న్యూయార్క్‌లో ఉండగా ఆయన ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని పెన్సిలుతో రోజూ రాయడం మొదలుపెట్టారు. అప్పటికి 66 ఏళ్లు. ఎందుకు మొదలుపెట్టారో ఆయనే చెప్పలేకపోయారు. ఏడు నెలలు సాగిన ఆ రాతలో నాగా పడింది పద్నాలుగు రోజులో ఏమో. రాతప్రతి 323 పేజీలు, కొట్టివేతలు దాదాపు లేవు. 1976లో అచ్చయింది. రిషివ్యాలీలో గడిపిన రోజులూ అందులో ఉన్నాయి.

మొదటి పేజీలు కొరుకుడు పడవు, ముందే చెబుతున్నా. తలలో నొప్పి, మాటకందని స్థితి, ఇవే ఎక్కువ. అక్కడే పుస్తకం మూసేయకండి. పోనుపోను ఒక చెట్టు వస్తుంది, కొండ మీది వెలుతురు వస్తుంది. ఆ చెట్టు దగ్గర ఆయన ఎంతసేపు నిలబడ్డారో గమనించండి. దానిలో తన గొడవ కలపడానికి తొందరపడరు. ముందు చూపు, ఆలోచన ఆ తర్వాతే. ఈ వరస పట్టుబడితే దినచర్య చదవడంలో రుచి తెలుస్తుంది.

నేను రాయబోయినప్పుడు ఈ వరస తలకిందులైంది. ఉద్యోగం, బదిలీలు, నన్ను ఎవరెవరు ఏమన్నారు, అంతా వెళ్లగక్కాను. పది రోజులకు సరుకు అయిపోయింది. పదకొండో రోజు పుంగనూరులో ఒక ఇంటి ముందు ఆవును చూశాను. నా నడుమెత్తు లేదు. తోక కుచ్చు నేలకు తగులుతోంది. గడప దాటబోయి ఆగి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. అంతే రాశాను, ‘పొట్టి ఆవు’ అని. మర్నాడు చదివితే ‘పొట్టి’లో ఎగతాళి వినిపించింది. కొట్టేసి ‘కురచ’ అని వేశాను. ఆ రోజుకు నా సాహిత్య సేవ అదే. ఉద్యోగం మీది పది రోజుల రాత కంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ.

టమోటా ధర కూడా రాయండి. మదనపల్లి మండీలో ఈ రోజు బాక్సు ఎంత పలికిందో, ఆరు నెలల కిందట ఎంత పలికిందో పక్కపక్కన చదివితే వేరే కథ అక్కర్లేదు.

కృష్ణమూర్తి గారికి లేని ఆస్తి మనకొకటి ఉంది. చిన్నప్పుడే ఊరు వదిలిన ఆయన తెలుగు మరిచిపోయారు. రాసిందంతా ఇంగ్లీషే. కుప్పం బస్టాండులో పది నిమిషాలు నిలబడండి. తెలుగులో మొదలైన మాట అరవంలోకి మళ్లి, కన్నడం తాకి తిరిగొస్తుంది. ఆ మాటల్ని విన్నది విన్నట్టు మీరు రాయకపోతే రాసేవాళ్లెవరు?

చేయి వణుకుతోంది అంటారా? 87 ఏళ్లకు ఆయన చేయీ వణికింది. 1983లో కాలిఫోర్నియాలోని ఓహాయ్‌లో, గదిలో ఒంటరిగా క్యాసెట్ రికార్డరు పెట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. 1986లో ఆయన పోయాక, మరుసటి ఏడు అదీ పుస్తకమైంది. మీ ఫోన్లోనూ ఆ సదుపాయం ఉంది, మనవణ్ణి అడిగితే చూపిస్తాడు.

రేపు పొద్దున పేపరు రాకముందు, వాకిట్లో మీ కంటికి మొదట ఏది పడితే అది రాయండి. పైన తేదీ వేయడం మరవకండి.