ఊరికి వెళ్లే ముందు మూడు తేదీలు

(సైబర్‌జయ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం. మీ రూమ్‌లో వాళ్లకి కూడా చదివి వినిపించండి.)



సంక్రాంతికి ఊరికి వెళ్లాలని మనలో చాలామంది అనుకుంటున్నారు. వెళ్లాలి కూడా. ఇంత కష్టపడేది ఇంట్లోవాళ్ల కోసమే కదా. కానీ ప్రయాణం అనుకున్న రోజు నుంచే కంగారు మొదలవుతుంది. కంపెనీ పాస్‌పోర్టు ఇస్తుందా? పర్మిట్ సంగతేంటి? చేతిలో డబ్బు సరిపోతుందా? ఈ కంగారు ఎయిర్‌పోర్టుకి వెళ్లాక తీరేది కాదు. రెండు నెలల ముందే, రూమ్‌లో కూర్చుని తీర్చుకోవాలి.

ఒక కాగితం తీసుకుని మూడు తేదీలు రాయండి. పాస్‌పోర్టు గడువు, పర్మిట్ గడువు, తిరిగి వచ్చే టికెట్ తేదీ.

తిరిగి వచ్చే రోజుకి పాస్‌పోర్టులో ఇంకా కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. పర్మిట్ గడువు అయిపోకముందే మీరు ఇక్కడ దిగాలి. ఊళ్లో ఉండగా గడువు దాటితే ఆ పర్మిట్ మీద లోపలికి రానివ్వరు. ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఇంట్లో పెళ్లి అనో, జ్వరం అనో నాలుగు రోజులు ఆలస్యం కావడం మామూలే. అందుకే రెండు తేదీల మధ్య మూడు వారాలైనా తేడా ఉంచుకోండి. అంత తేడా లేకపోతే ముందు రెన్యువల్, తర్వాతే ప్రయాణం. "నువ్వు వెళ్లిరా, మేం చూసుకుంటాం" అన్న మాట నమ్మి విమానం ఎక్కొద్దు.

పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటే ఇప్పుడే అడగండి. నోటిమాటగా కాదు, వెళ్లే తేదీ, వచ్చే తేదీ రాసి వాట్సాప్‌లో అడగండి. ఆ మెసేజ్ చెరపకండి. మలేషియా పాస్‌పోర్టుల చట్టం 1966 ప్రకారం, చట్టబద్ధమైన అధికారం లేకుండా ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు పెట్టుకోవడం నేరం. ఇవ్వకపోతే గొడవ పడకండి. మాకు చెప్పండి. కౌలాలంపూర్‌లోని భారత హైకమిషన్‌కి, ఇక్కడి లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు చేయొచ్చు.

సెలవు కూడా మీ హక్కే. ఇక్కడి ఉద్యోగ చట్టం 1955 మనకీ వర్తిస్తుంది. ఒకే యజమాని దగ్గర రెండేళ్లలోపు సర్వీసుకి ఏడాదికి 8 రోజులు, రెండు నుంచి ఐదేళ్లలోపు 12 రోజులు, ఐదేళ్లు దాటితే 16 రోజులు జీతంతో సెలవు. వారం సెలవు, పండగ సెలవులు ఇందులో కలపకూడదు.

టికెట్ ఏజెంటు తీసినా, పీఎన్‌ఆర్ నంబరు అడిగి ఎయిర్‌లైన్ యాప్‌లో మీరే చూసుకోండి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అర్ధరాత్రి దాటాక బయలుదేరే విమానాలతో జాగ్రత్త. 10వ తేదీ రాత్రి 12:30 అని ఉంటే, 9వ తేదీ రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. ఎయిర్ ఏషియా టెర్మినల్ 2 నుంచి, మలేషియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1 నుంచి వెళ్తాయి. సైబర్‌జయ నుంచి ఎంఆర్‌టీలో పుత్రజయ సెంట్రల్‌కి వెళ్లి, అక్కడ ఎయిర్‌పోర్టు రైలు ఎక్కొచ్చు. నలుగురు కలిస్తే కారు మాట్లాడుకోవడమే సుఖం.

హైదరాబాద్‌లో దిగాక రైలెక్కేవాళ్లు గుర్తుపెట్టుకోండి, మన రైళ్లలో రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతి సీట్లు వెంటనే అయిపోతాయి. విమానం దిగే టైముకీ రైలు టైముకీ మధ్య ఆరేడు గంటలు ఉంచుకోండి. ఇండియా టైము ఇక్కడికంటే రెండున్నర గంటలు వెనక.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోండి, లగేజీలో వేయకండి. ఎవరైనా "మా ఇంట్లో ఇవ్వు" అని ప్యాకెట్ ఇస్తే, వాళ్ల ముందే విప్పి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోకండి. "బంగారం పట్టుకెళ్తే టికెట్ ఫ్రీ" అని ఎవరన్నా వస్తే దండం పెట్టి పంపించండి. పట్టుబడితే జైలుకెళ్లేది మీరు, వాళ్లు కాదు.

చివరి మాట. మనల్ని ఎక్కువ నలిపేది లగేజీ బరువు కాదు, ఇంట్లోవాళ్ల ఆశలు. మలేషియా నుంచి వస్తున్నాడంటే ఒకరికి ఫోను, ఒకరికి సెంటు, ఊరందరికీ చాక్లెట్లు. దీనికోసం వడ్డీకి తెచ్చినవాళ్లు తిరిగొచ్చాక ఆరు నెలలు ఆ అప్పే తీరుస్తున్నారు. బయలుదేరే ముందే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి: "అమ్మా, ఈసారి ఇంతే తేగలను." ఒక్క నిమిషం మనసుకి కష్టంగా ఉంటుంది. తర్వాత పండగ మూడు రోజులూ హాయిగా ఉండొచ్చు.

ఆ మూడు తేదీలు ఈ రాత్రే రాయండి. లెక్క కుదరకపోతే గ్రూపులో అడగండి, కలిసి చూద్దాం.

క్షేమంగా వెళ్లి లాభంగా రండి.