ఏది రొద? ఏది మాట?



ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరు నోటితో మాట్లాడరు. మాట్లాడకపోతే ఇక చెప్పేదేమీ లేదని మనం తేల్చేస్తాం. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉండిన మెల్ బాగ్స్ గారు అలాంటివారే. 2007లో ఒక చిన్న వీడియో తీశారు. ‘నా భాషలో’ అని దాని పేరుకు అర్థం. ముందు కొన్ని నిమిషాలపాటు అందులో మాటలే ఉండవు. సన్నగా రాగం తీస్తారు, చేతులు ఊపుతారు. ఆ తర్వాత వారు టైపు చేసిన మాటల్ని కంప్యూటరు గొంతు చదువుతుంది. చుట్టూ ఉన్నవాటితో తాను సంభాషించే తీరే అది అంటారు. మీ భాష నాకు రాకపోతే లోపమంటారు, నా భాష మీకు రాకపోతే అది మామూలేనా అని చురక కూడా వేశారు. 2020లో వారు కన్నుమూశారు.

టైపు చేసింది చదివిపెట్టే గొంతు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. ఈస్పీక్ ఎన్‌జి అనే సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా పలుకుతుంది. యంత్రపు గొంతే లెండి, తీపి ఆశించకండి! కానీ వేగమూ స్థాయీ మార్చుకోవచ్చు. అది ఓపెన్ సోర్స్. అంటే ఆవకాయ కొలతలు దాచుకోకుండా పదిమందికీ చెప్పినట్టు, దాని లోపలి రాతంతా బయటే ఉంటుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా దిద్దవచ్చు. ఏదో కంపెనీ మూతపడితే పిల్లవాడి గొంతు పోతుందన్న బెంగ తక్కువ.

అలాంటిదే ఆడాసిటీ. 2000లో వచ్చింది. రికార్డు చేసిన శబ్దాన్ని కత్తిరించడానికి, అతకడానికి, బాగుచేయడానికి పనికొస్తుంది. బొమ్మ నొక్కితే మాట పలికే పలక మీకుంటే, అందులోకి ఇంట్లోవాళ్ళ గొంతులే రికార్డు చేసి పెట్టుకోవచ్చు. రేడియోలో గొంతు వినిపించే నాకు ఇందులో బాగా నచ్చింది రొద తగ్గించే ఏర్పాటు. ముందు రొద మాత్రమే ఉన్న ముక్కను దానికి చూపించాలి. అలాంటి చప్పుడును రికార్డింగంతటా అదే తగ్గిస్తుంది. అయితే ఏది రొదో దానికి తెలియదు, చెప్పేది మనమే. ఫ్యాను చప్పుడు చూపిస్తే మంచిదే. పిల్లవాడి కూనిరాగం చూపించామనుకోండి, అదీ పోతుంది.

సాఫ్ట్‌వేర్ లేకుండానే ఈ పని మన ఇళ్ళలో రోజూ జరుగుతోంది కదూ? చుట్టాలొస్తే ‘ష్’ అంటాం, ఊపే చేతులు పట్టి ఆపుతాం. వాడి ఎదుటే ‘వీడికేం తెలుసు’ అంటాం. అల్లరి చేశాడని మాట్లాడే పలక లాగేసుకునే తల్లులూ ఉన్నారు. మనకు కోపమొచ్చినప్పుడు మన నోటికి ఎవరైనా గుడ్డ కడితే ఊరుకుంటామా?

ఒక్కో అక్షరం వెతికి నొక్కుతుంటే వాక్యం మీరు పూర్తిచేయకండి, ఆగండి. మరో సంగతి. కంచం చేత్తో పక్కకు నెట్టేశాడంటే జవాబు వచ్చేసినట్టే. మళ్ళీ పలక మీద ‘వద్దు’ బొమ్మ నొక్కితేగాని ఒప్పుకోనని పట్టుబట్టకండి.