వడ్లు తిరిగే దూరం తగ్గాలె
(జిల్లా రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



వాతావరణ మార్పు మనది కాని ముచ్చట అనుకునే కాలం పోయింది. 2023 మార్చిలో వడగండ్లు పడితే మన జిల్లాలో మక్క, మామిడి నేలపాలైనయి. అప్పటి ప్రభుత్వం ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించింది. పెట్టుబడి ఎంతయితదో మీకు తెలుసు. గాలి వేడెక్కిన కొద్దీ ఎక్కువ తేమ పట్టుకుంటది, కురిస్తే కుండపోతగా కురుస్తది. ఆ వేడికి పెద్ద కారణం బొగ్గు, డీజిల్, పెట్రోల్ పొగ. ఇందులో రవాణా సంగతే ఇయ్యాల మాట్లాడుత. ఎందుకంటే ఆ పొగకూ మన జేబుకూ నేరుగా సంబంధం ఉన్నది.

పోయిన యాసంగిలో నా వడ్లు కాంటా అయినంక నాలుగు రోజులు లారీ కోసం కావలి ఉన్న. తీరా లారీ వస్తే 60 కిలోమీటర్ల అవతలి మిల్లుకన్నరు. మా ఊరికి 12 కిలోమీటర్లలోనే మిల్లున్నది. అడిగితే దాని కోటా నిండిందన్నరు. లెక్క చేసి చూసిన. పోను రాను 120 కిలోమీటర్లు. లీటరుకు 4 కిలోమీటర్లు అనుకుంటే 30 లీటర్ల డీజిల్. లీటరు కాలితే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తది. అంటే ఒక్క లారీకి 81 కిలోలు. దగ్గరి మిల్లుకైతే 6 లీటర్లు, 16 కిలోలతో అయిపోతుండె. ఎక్కువ కాలిన 24 లీటర్లతో నా వడ్లకు పైసా విలువ పెరగలే. మిల్లు ముందర లారీ ఆగినందుకు తరుగు మాత్రం నా మీదనే పడ్డది.

రామగుండం ఎన్టీపీసీకి సింగరేణి బొగ్గు ప్రత్యేక రైలు మార్గంలో పోతది. మన గ్రానైట్ బండలు రైలెక్కి కాకినాడ రేవుకు పోతయి. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి రాపిడి తక్కువ, టన్ను సరుకుకు లారీ కంటే చానా తక్కువ ఇంధనం పడుతది. మరి ఊర్లకు రైలు ఎప్పుడొచ్చింది? పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు పీవీ నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు పునాదిరాయి పడితే, ఆఖరుదాకా రైలు నడిచింది 2017లో. మనోహరాబాద్–కొత్తపల్లి లైనుకు 2016 ఆగస్టులో శంకుస్థాపన అయింది. 2023 అక్టోబర్‌లో సిద్దిపేటకు రైలొచ్చింది. సిరిసిల్ల, వేములవాడ ఇంకా ఎదురుచూస్తున్నయి. ఆదిలాబాద్ పత్తి రైతుకు రైలుందిగానీ, అది మహారాష్ట్రలోని ముద్ఖేడ్ మీదుగా చుట్టు తిరిగి రావాలె. ఆర్మూర్, నిర్మల్ మీదుగా లైను వేయుమని ఏండ్ల సంది అడుగుతనే ఉన్నం.

2024 సెప్టెంబర్‌లో కరీంనగర్‌లో ఎలక్ట్రిక్ బస్సులు మొదలైనయి. మంచి పనే. కానీ మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. రామగుండం రిజర్వాయర్ నీళ్ల మీద 2022లో 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు పూర్తయింది, అసొంటివి పెరిగితేనే ఆ బస్సులకు అర్థముంటది. ఇంకో మాట. పొద్దుమూకితే ఊరికి బస్సు రాకపోతే, పోరడు అప్పు చేసి మోటార్ సైకిల్ కొంటడు. తప్పు పోరనిది కాదు.

కొందరికి భయమున్నది, పొగ పేరు చెప్పి మన పాత ట్రాక్టర్ల మీద పడుతరని. అందుకే గట్టిగ చెప్పాలె: ముందు ఉత్తగ తిరిగే లారీల తిరుగుడు ఆపుండ్రి, తర్వాత రైతు ట్రాక్టర్ సంగతి.

మనం అడిగేవి నాలుగే. కొనుగోలు కేంద్రానికి దగ్గరి మిల్లునే కేటాయించాలె, దూరం పంపితే కారణం బోర్డు మీద రాయాలె. మండలానికో గోదాం కట్టాలె. రైల్వే స్టేషన్ల దగ్గర రైతు సరుకు దింపి ఎక్కించే జాగ ఉండాలె. పొద్దుగాల, సాయంత్రం ఊరూరికీ బస్సు రావాలె.

మన పని కూడా ఉన్నది. సగం ట్రాలీతో ఒక్కొక్కలం పోవుడు మాని ఇద్దరు ముగ్గురం కలిసి లోడు నింపుకుందాం. టైర్లలో గాలి సరిగా ఉంటే డీజిల్ తక్కువ తాగుతది.

2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తమని ప్రధాని 2021లో గ్లాస్గోలో మాటిచ్చిండు. అప్పటికి మనలో ఎంతమందిమి ఉంటమో. వచ్చే కోతలకు లారీ ఎటు పోతదో మాత్రం ఇప్పుడే తేలాలె. అందుకే ప్రతి కేంద్రం కాడ ఒక నోటుబుక్కు పెట్టుండ్రి. లారీ ఏ రోజు వచ్చింది, ఏ మిల్లుకు పోయింది, ఎన్ని కిలోమీటర్లు, తరుగు ఎంత తీసిండ్రు, అన్నీ రాయుండ్రి. ఆ బుక్కులు పట్టుకొని సోమవారం ప్రజావాణిలో కలెక్టర్ గారి ముందర నిలబడదాం. మాటకు మాట చెప్పి పంపుతరు, లెక్కకు మాత్రం జవాబు చెప్పక తప్పదు.

జై కిసాన్.