ఆడబిడ్డ నీళ్ళెందుకు తాగడం లేదు?

(రోగుల బంధువులకు ఒక సిస్టరు ఇచ్చిన ప్రసంగ పాఠం)

ఈ రోజు షుగరు గురించో బి.పి. గురించో కాదు, మన ఆడబిడ్డలు దారిలో పడే బాధ గురించి చెబుతాను. ఆస్పత్రిలో ఈ మాటలేమిటి అనుకోకండి.

ఇంటరు చదివే ఒక పాపను వాళ్ళమ్మ మూత్రంలో మంట అని తీసుకొచ్చింది. (ఎవరో తెలియకూడదని కొన్ని వివరాలు మార్చాను.) కొద్ది నెలల్లో అది మూడోసారి. "వేడి చేసింది సిస్టరమ్మా, మజ్జిగ తాపిస్తానే ఉండాను" అంది తల్లి. పరీక్షలో ఇన్ఫెక్షన్ కనబడింది, డాక్టరుగారు మాత్రలు రాశారు. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతావమ్మా అని అడిగితే పాప తలవంచుకుంది. తల్లి మందులకు వెళ్ళినప్పుడు మళ్ళీ అడిగాను. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలితే సాయంత్రం ఐదు దాకా చుక్క నీరు తాగదట. తాగితే మూత్రానికి పోవాలి. బస్టాండులో ఆ దారిలో నలుగురు పిలకాయలు కూర్చుంటారు. పోయేటప్పుడు ఈల, వచ్చేటప్పుడు ఒక మాట. ఆ మాట నాతో కూడా చెప్పలేక ఏడ్చింది.

ఆడవారికి మూత్రనాళం పొట్టిగా ఉంటుంది గనుక క్రిములు త్వరగా లోపలికి చేరతాయి. నీళ్ళు తాగక, గంటల తరబడి బిగబట్టుకుంటే అవి కడుక్కుపోవు, అక్కడే పెరుగుతాయి. ఇది కాక భయానికి గుండెదడ, తలనొప్పి, కడుపునొప్పి, నిద్రలేమి. పరీక్షలన్నీ బాగుంటాయి, బిడ్డ మాత్రం బాగుండదు. అప్పుడు తాయెత్తు కడతారు.

"ఒక ఈలకే అంత బాధా?" అని మగవారు నన్ను అడుగుతారు. ఈల ఒక్క క్షణమే. కానీ రేపూ అదే దారి కదా. వీడు ఈలతో ఆగుతాడా, వెంటపడతాడా అని ఆమెకెలా తెలుస్తుంది? 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకరి ప్రాణం పోయింది. ప్రేమ పేరుతో వెంటపడినవాడు చేయించిన పని కాదు, వాడే దగ్గరుండి చేసిన పని. ప్రతివాడూ అంతదాకా పోడు, నిజమే. ఎవడు పోతాడో ముఖం మీద రాసి ఉండదు.

నేను ట్రైనింగులో ఉన్నప్పుడు తెల్ల యూనిఫారంతో నైట్ డ్యూటీకి పోతుంటే టీ అంగడి దగ్గర "సిస్టరూ, నాకూ ఒక సూది" అనేవారు. చాలా రోజులు చుట్టుదారిన నడిచాను. ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారని చెప్పలేదు. మదనపల్లె టమోటా మార్కెట్టుకు తెల్లవారుజామున పనికి పోయే ఆడవాళ్ళనూ, బెంగళూరులో పని చేసి చీకటిపడ్డాక కుప్పం స్టేషనులో దిగేవాళ్ళనూ, సెలవు రోజుల్లో హార్స్లీ హిల్స్ మీద బైకుల గుంపుల మధ్య అంగడి పెట్టుకునే అక్కలనూ అడగండి. వయసుతో, బట్టలతో పని లేదు. "ఏం గుడ్డలు వేసుకుని పోయినావు?" అని ఇంట్లో మొదట అడిగితే బిడ్డ నోరు మూసుకుంటుంది, అంతే.

రూతు గ్రంథంలో బోయజు ఏం చేశాడు? పరిగె ఏరుకోవడానికి వచ్చిన ఆ పరదేశి విధవరాలిని ఇంటికి పొమ్మనలేదు. ఆమెను ముట్టవద్దని తన పనివారికి ఆజ్ఞ ఇచ్చాడు. దాహమైతే వారు చేదిన నీళ్ళు తాగమన్నాడు. మన ఇళ్ళల్లో జాగ్రత్తలన్నీ కూతురికే చెబుతాం. చెప్పడానికి మొహమాటంగా ఉంది గాని, మీలో కొందరు తమ్ముళ్ళు వరండాలో కూర్చుని నర్సింగ్ విద్యార్థినులు పోతుంటే పాటలందుకుంటున్నారు. లోపల మీ అమ్మకు సెలైను మార్చేది ఆ పిల్లలే నాయనా.

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. వెకిలిగా లైంగిక మాటలంటే 75వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇష్టం లేదన్నా మళ్ళీ మళ్ళీ వెంటపడితే 78వ సెక్షను కింద మొదటిసారే మూడేళ్ళ వరకు జైలు. బస్సులో జరిగితే, ఆమె ఫిర్యాదు మీద సిబ్బంది ఆ బస్సును దగ్గరి పోలీసు స్టేషనుకు తీసుకుపోవాలని సుప్రీంకోర్టు 2012 నవంబరు 30న ఆదేశించింది. అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098.

ఆ పాప సరేనన్నాక తల్లికి చెప్పాను. "కాలేజీ మాను" అనేసింది మొదట. అది కోపం కాదు, భయం. తర్వాత తండ్రి మరో ఇద్దరు అమ్మాయిల తండ్రులను కలుపుకొని ప్రిన్సిపాలు దగ్గరికి, అక్కడినుండి స్టేషనుకు వెళ్ళాడు. పిలకాయలు లేచిపోయారు. కొన్నాళ్ళకు ఒకరిద్దరు మళ్ళీ వచ్చారట, వీళ్ళూ మళ్ళీ వెళ్ళారు. పాపకు ఇప్పుడు మంట లేదు.

మీ బిడ్డ ఇంట్లో చెప్పలేకపోతే ఇక్కడికి తీసుకురండి. ఓ.పి. చీటీ దగ్గర "సిస్టరుతో మాట్లాడాల" అంటే చాలు, కారణం అడగరు. బిడ్డను లోపలికి పంపి మీరు బయట బెంచీ మీద కూర్చోండి.