ఆనకట్ట పెరిగిన నీరు పెరుగునా?



అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునందు, రాకీ పర్వతములలో, గ్రాస్ జలాశయము గలదు. 1954లో పూర్తియైన దాని ఆనకట్ట యెత్తు 340 అడుగులు. డెన్వరు నగరమునకు నీరు చాలదని, దానిని మఱి 131 అడుగులు పెంచి నీటినిలువను రమారమి మూడింతలు చేయ సంకల్పించి, 2022లో పని ప్రారంభించిరి.

నగరవాసుల దాహము తీరవలదని మేమనుట లేదు. కాని గోడను పెంచినంతనే నీరు పుట్టదు గదా! ఆ నీరు పర్వతములకు పడమటనున్న ఫ్రేజర్ నదినుండి మోఫట్ సొరంగమువెంట రావలెను. ఆ యేటినీటిలో చాలభాగ మిదివఱకే తూర్పునకు తరలిపోవుచున్నది. ప్రవాహ మింకను సన్నగిల్లినచో నీరు వేడెక్కును; మన్ను కొట్టుకొనిపోక యడుగున పేరుకొనును; చల్లనినీట మనెడి ట్రౌటు చేపలకు బ్రదుకు దుర్భరమగును. ఇక క్రొత్తగా మునుగు గట్లమీది వృక్షములను లక్షలకొలది నఱుకవలసియుండును.

ఫ్రేజర్ నీరు తుదకు కొలరాడో నదిని చేరవలసినది. 1922నాటి యొడంబడికలో రాష్ట్రములు పంచుకొనిన నీరు ఆ నదిలో నిక్కముగ పారు నీటికంటె నధికము. వేడిమి హెచ్చి ఆ ప్రవాహమును తగ్గుచున్నది. ఉన్న బిందెయే నిండనిచోట పెద్దబిందె తెచ్చిన నేమి ఫలము?

ఇతరోపాయములను, మారుచున్న వాతావరణమును తగినట్లు విచారింపక యనుమతి నొసగుట చట్టవిరుద్ధమని 2024 అక్టోబరులో న్యాయస్థానము తీర్పుచెప్పెను. 2025 ఏప్రిలులో జలాశయవిస్తరణమును నిషేధించెను. మే నెలలో ఆనకట్టను మాత్రము పూర్తిచేయవచ్చుననెను. గోడ ముందు, విచారణ వెనుక! ఈ క్రమము తలక్రిందులు కావలెను. నదిని ముందడిగి పిదప రాయి పేర్చుటయే వివేకమని మా మనవి.