హెల్మెట్‌లో నీళ్ళు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గుమాస్తాగా రిటైరైనవాడికి అంతరిక్షంతో పనేమిటని మీరనుకోవచ్చు. మా మనవడి పుణ్యమా అని ఈ విషయం చదివాను. చదివాక మన పాత సెక్షనే గుర్తుకొచ్చింది.

అంతరిక్షంలో గాలి లేదు. నౌక వెలుపలికి వచ్చే వ్యోమగామికి ఒంటిమీది స్పేస్ సూటే ఇల్లూ వాకిలీ. 1965 మార్చి 18న సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్ మొట్టమొదట అలా బయటికి వచ్చి సుమారు 12 నిమిషాలు తేలాడు. లోపలి గాలి ఒత్తిడికి సూటు ఉబ్బి బిగుసుకుపోయింది. వాల్వు తిప్పి కొంత గాలి వదిలితే గాని తిరిగి లోపలికి దూరలేకపోయాడు.

చంద్రుడిపై నడిచినవారి సూట్లను అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళు కుట్టారు. పొరల మధ్య గుండుసూది ఏదైనా మిగిలిందేమోనని ఎక్స్‌రే తీసి మరీ చూసేవారు. తనిఖీ అంటే అదండీ!

అంత జాగ్రత్త గలవారికీ ఒకసారి ఏమరుపాటు కలిగింది. ఒళ్ళు చల్లబడడానికి వ్యోమగామి లోదుస్తుల్లోని సన్నని గొట్టాల్లో నీళ్ళు తిరుగుతుంటాయి. 2013 జూలై 9న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో బయట పని ముగించుకుని వచ్చాక హెల్మెట్‌లో నీళ్ళు కనబడ్డాయి. తాగే నీళ్ళ సంచి కారి ఉంటుందనుకుని దాన్ని మార్చి ఊరుకున్నారు. జూలై 16న అదే సూటుతో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి నీళ్ళు తల వెనుక నుంచి పాకి కళ్ళనూ ముక్కునూ కప్పేశాయి. చూపు ఆనక, కట్టుకున్న తాడు ఆధారంగా తడుముకుంటూ వచ్చి బతికాడు. సూటులో నీటిని వేరుచేసే భాగం మడ్డి పట్టి మూసుకుపోయిందని తరువాత తేలింది.

ఇక నా సంగతి. ఒకప్పుడు మా ఆఫీసులో ఒక సహోద్యోగి సర్వీసు రిజిస్టరులో ఆయన భార్య పేరు తప్పుపడింది. ఏటా "సరిచూడబడినది" అని ఇనీషియల్ వేసింది నేనే. పేజీ తిప్పి చూడలేదు. ఆయన పోయాక ఆ తల్లి ఫ్యామిలీ పెన్షన్ కోసం పద్నాలుగు నెలలు ఆఫీసు మెట్లెక్కింది. తప్పు నాదని ఆమెతో అనే ధైర్యం నాకు లేకపోయింది. నేడు మీ ఎదుట అంటున్నాను.

2022 మార్చి 23న హైదరాబాదు నుంచి వలస వెళ్ళినాయన కుమారుడు రాజా చారి, జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్‌తో కలిసి బయటికి వెళ్ళారు. తిరిగొచ్చాక మౌరర్ హెల్మెట్‌లో నీటి తడి కనిపించింది. ఈసారి నాసా వారు ఊరుకోలేదు. అత్యవసరమైతే తప్ప ఎవరూ బయటికి వెళ్ళకుండా ఆపి, నెలల తరబడి పరీక్షించారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఇంటికి వెళ్ళగానే పెన్షన్ కాగితాలు తీసి, భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే మనం ఉండగానే దిద్దించుకుందాం.

సెలవు.